బొంగరం - మైల

బొంగరం అందరిదంటరు. మా కోరుట్ల దిక్కు ఊర్లల్ల అట్లుండకపోయేది. వడ్లాయన చెక్కిన కట్టె. పుస్తకాల ‘ములికి’, మా నోట్ల ‘సీల’. సిరిసిల్ల సాంచెల నూలు పేనిన తాడు. అన్నీ చాకిరి కులాల చేతులయే. గిరిల బొంగరాన్ని కొట్టుట్ల మమ్ముల రానిచ్చేటోళ్లు. తిరిగే బొంగరాన్ని తాడుతోటి ఎగరేసి అరచేతుల పట్టుడు మాత్రం ఎవరిది వాళ్లే. దొర పిలగాని బొంగరం మాదిగ చేతికెక్కితే మైల!

మా నాయిన జీతమున్న పిలగాడు. 1976ల వెట్టి రద్దు చట్టమొచ్చినా ఆయన జీతం ఆగలే. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రల పల్లెలు కదిలినయి. ఆ ఏడే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను సర్కారు కల్లోలిత ప్రాంతాలన్నది. నేను చదివిన చరిత్రల భూమున్నది, వెట్టున్నది. పిల్లల అరచేతిల అంటు లేదు. అది మనమే రాయాలె.