ఉప్పు బేరం పోయాక దొంగలయ్యారు

పందొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం కోస్తా కొఠార్లలో పండిన ఉప్పు లోపలి జిల్లాల వంటిళ్లకు చేరిందంటే ఎరుకల అనే సంచార తెగవాళ్ల గాడిదలు, ఎద్దుల పుణ్యమే. ఉప్పు దించి ధాన్యం ఎత్తుకోవడం, దారిలో పశువులను మేపుకోవడం, అడవిలో వెదురూ ఈతాకూ కోసి బుట్టలల్లి అమ్ముకోవడం, ఇదీ వాళ్ల బతుకు. వాళ్లలో ఒక శాఖను ఇప్పటికీ ఉప్పు ఎరుకల అంటారు.

ఈ బేరం ఒక్కరోజులో పడిపోలేదు. 1805లో కంపెనీ ప్రభుత్వం మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తకిందికి తెచ్చుకుంది. పన్ను పెరిగింది. 1871 నాటికి మద్రాసు–బొంబాయి రైలుమార్గం కలిసింది. ఉప్పు బస్తాలు రైలెక్కాయి. 1876–78 కరువులో మనుషులతోపాటు పశువులూ పోయాయి. మిగిలింది అడవి. 1882 మద్రాసు అటవీ చట్టం దానికీ కంచె వేసింది. దారులు తెలిసిన, సంతలు తెలిసిన, చేతిలో సరుకు లేని మనిషిని పోలీసు అనుమానంగా చూడటం ఇక్కడే మొదలైంది. కొందరు నిజంగానే దొంగతనాలకు దిగారు. ఆ మాట దాచనక్కర్లేదు.

సర్కారు మాత్రం కారణం కడుపులో కాక పుట్టుకలో వెతికింది. ఉత్తరాదిలో 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసుకూ విస్తరించింది. కులవృత్తి తండ్రి నుంచి కొడుక్కి వచ్చినట్టే దొంగతనమూ వస్తుందన్నది దాని వెనకున్న వాదన. ఉప్పు వ్యాపారం తరాలుగా చేసినవాళ్లకు ఆ వాదన ప్రకారం ఉప్పు వ్యాపారమే కులవృత్తి కావాలి కదా! ఈ ప్రశ్న అధికారులకు తట్టలేదు.

దొంగను జైల్లో పెడితే బయట ఇల్లు పస్తు. విడుదలైనవాడికి పని ఇచ్చేవాడు లేడు. మళ్లీ అదే దారి. అందుకని ఒక్కణ్నే కాక కుటుంబాన్నంతా బంధించే ఏర్పాటు వచ్చింది. దాని పేరు సెటిల్‌మెంట్. బాపట్ల, చీరాల మధ్య సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన స్టూవర్టుపురం ఇలా పుట్టిందే. మద్రాసు ప్రభుత్వ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. హాజరు పట్టీ, వేలిముద్రలు, ఊరు దాటాలంటే పాసు, అది లేకుండా దొరికితే శిక్ష. పొలాలు ఇచ్చారుగాని అందరి కడుపూ నిండలేదు. సీతానగరం సెటిల్‌మెంటులో రాళ్లు కొట్టించారు. స్టూవర్టుపురం జనం చీరాల పొగాకు కంపెనీకి కూలికెళ్లారు. కదలలేని కూలీ కంటే యజమానికి చవకైనది ఏముంటుంది? సంస్కరణ అన్నది ఎంత జరిగిందోగాని ఆ కంపెనీకి కూలీల కొరత మాత్రం తీరింది.

1936లో నెల్లూరులో నెహ్రూ నేరస్థ తెగల చట్టాన్ని తీవ్రంగా ఖండించారు. మద్రాసులో అది 1947లోనూ, దేశమంతటా 1952లోనూ రద్దయింది. వెనువెంటనే అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. పేరు మారింది, పోలీసుల వాడుక మారలేదు. స్టూవర్టుపురం పేరు సినిమాలకు సరుకైంది.

ఆ ఊళ్లో మార్పు కోసం 1970లలో పూనుకున్నవాళ్లలో హేమలతా లవణం ముఖ్యులు. కవి జాషువా కూతురు, నాస్తికోద్యమ నాయకుడు గోరా కోడలు. ఆమె, ఆమె భర్త దొంగల ఇళ్లకు వెళ్లి మాట్లాడారు, ప్రభుత్వంతో మాట్లాడి బతుకుతెరువు, పిల్లల చదువు అడిగారు. శిక్ష కంటే ఇదే ఎక్కువ దూరం తీసుకెళ్లిందని నా అభిప్రాయం.

జైలు నేరస్థుణ్ని కొంతకాలం ఆపగలదు; వాడి ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. పైగా జైల్లో ఉన్నవాళ్లంతా నేరం రుజువైనవాళ్లు కారు. 2022 చివర్లో దేశంలోని ఖైదీల్లో నాలుగింట మూడొంతుల మంది ఇంకా తీర్పు రాని విచారణ ఖైదీలే. జామీను మంజూరైనా పూచీకత్తు పెట్టలేక లోపలే మిగిలిపోయేవాళ్లు వీళ్లలో ఉన్నారు. కొన్ని రాష్ట్రాల జైలు నిబంధనల్లో విముక్త జాతులవారిని, అంటే ఒకప్పుడు నేరస్థ తెగల చట్టం కింద ఉన్నవాళ్లను, పుట్టుకతో నేరస్థులుగా చూసే మాటలు మొన్నమొన్నటి దాకా ఉన్నాయి. సుప్రీంకోర్టు వాటిని 2024 అక్టోబరులో కొట్టేసింది.