తెలిసిన బగ్గు, డెబ్భై నాలుగేళ్ళ ఫిక్సు

అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇల్లు కొన్నా, అద్దెకి తీసుకున్నా, సంతకాలు పెట్టే కాగితాల్లో సీసం రంగు గురించి ఒకటి ఉంటుంది. మనవాళ్ళలో చాలామంది దాన్ని సాఫ్ట్‌వేర్ లైసెన్సు లాగా చదవకుండానే ఒప్పేసుకుంటారు. నా ఉద్దేశంలో ఆ కట్ట మొత్తంలో చదవాల్సింది అదే.

కథ మొదలైంది ఆస్ట్రేలియాలో. 1890లలో బ్రిస్బేన్ పిల్లల ఆసుపత్రిలో జెఫరిస్ టర్నర్ అనే డాక్టరు, పిల్లలకి సీసం విషం ఎక్కుతోందని గుర్తించాడు. ఎక్కణ్ణించి వస్తోందో తెలీలేదు. 1904లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి డాక్టరు పట్టుకున్నాడు. వరండా కమ్మీల రంగు! అక్కడి ఎండకి రంగు పొడై రాలుతుంది, పిల్లలు కమ్మీలు పట్టుకుని ఆడుకుంటారు, అవే వేళ్ళు నోట్లో పెట్టుకుంటారు. రూట్ కాజ్ దొరికింది. 1922లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం పిల్లలకి అందే చోట ఆ రంగు వాడకూడదని చట్టం చేసింది. ఇంటి లోపల సఫేదా (సీసంతో చేసే తెల్లరంగు) వద్దని 1921లో జెనీవాలో ఒక అంతర్జాతీయ ఒప్పందం కూడా వచ్చింది. అమెరికా అందులో చేరలేదు.

అక్కడి కంపెనీలు 1928లో ఒక సంఘం పెట్టుకున్నాయి. డచ్ బాయ్ రంగుల ప్రచారానికి పిల్లలు రంగులద్దుకునే బొమ్మల పుస్తకాలు పంచారు. పిల్లలు జబ్బుపడితే తప్పు రంగుది కాదు, సరిగ్గా చూసుకోని పేద తల్లిదండ్రులది అన్నారు. బగ్గు చూపిస్తే "యూజర్ ఎర్రర్" అని టికెట్ మూసేయడం మనకి కొత్తేం కాదు కదా! బాల్టిమోర్ నగరం 1951లో ఇళ్ళ లోపల నిషేధించింది. దేశమంతటా నిషేధం 1978లో. గిబ్సన్ చెప్పిన 74 ఏళ్ళకి.

సీసాన్ని మన ఒళ్ళు కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది, మెదడుకీ పంపిస్తుంది. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ ఊడిన పాలపళ్ళల్లో సీసం కొలిచి, పైకి ఏ జబ్బూ లేని పిల్లల్లో కూడా చదువూ, ఏకాగ్రతా తగ్గుతున్నాయని చూపించాడు. 1960లలో డెసిలీటరు రక్తంలో 60 మైక్రోగ్రాముల దాకా ఫరవాలేదన్నారు. ఆ హద్దు 1991లో 10కి, 2021లో 3.5కి దిగింది. సురక్షితమైన మోతాదు అంటూ లేదన్నది ఇప్పటి మాట. మనవాళ్ళు బోలెడంతమంది ఉండే శాంటా క్లారా కౌంటీ 2000లో రంగుల కంపెనీల మీద కేసు వేస్తే, 2019లో 30.5 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది.

మరి మన దేశంలో? ఇళ్ళ రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకి 90 మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలవుతోంది. అది కొత్త డబ్బాలకి. మన ఊళ్ళో పాత తలుపులు, కిటికీ చువ్వలు, గేట్ల మీద ఉన్న పొరల్ని అది ముట్టుకోదు. తాతల నాటి సున్నంతో ఈ గొడవ లేదు, ఆయిల్ పెయింటుతోనే.

అసలు ప్రమాదం రంగు ఉన్నప్పటికంటే గీకేటప్పుడు ఎక్కువ. పండగ ముందు తలుపుల్ని ఎమిరీ పేపరుతో పొడిగా రుద్దడం, మంటతో కాల్చి గీకడం - రెండూ వద్దు. పెచ్చులూడకుండా గట్టిగా ఉంటే దానిమీదే కొత్త రంగు వేయించండి. గీకక తప్పకపోతే తడిపి గీకాలి, కింద ప్లాస్టిక్ పట్టా పరవాలి, చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. పిల్లల్నీ గర్భిణుల్నీ పని పూర్తయి శుభ్రం చేసేదాకా వేరేచోట ఉంచాలి. పనిచేసే పెయింటర్‌కి మంచి మాస్కు మీరే కొనివ్వండి. ఆ దుమ్ము బట్టలతో పాటు అతనింటికీ వెళ్తుంది, అక్కడా పిల్లలుంటారు.