బొత్తాం నొక్కింది పులే!

పావగడలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఉన్నది తుమకూరు జిల్లాలో, మూడు పక్కలా ఆంధ్ర. ఊరి నెత్తిన ఉన్న కోటకొండ ఎక్కిన కుర్రకారు సెల్ఫీ కర్ర చాచి, పిడికి ఉన్న బొత్తాం నొక్కుతారు. కెమెరాను ముట్టకుండా ఫొటో తీసే ఈ విద్య కొత్తదేమీ కాదు.

తొలినాళ్ల కెమెరాలకు షట్టరే లేదు. లెన్సు మూత తీసి, మనసులో లెక్కపెట్టి, మళ్లీ మూత పెట్టేవారు. తర్వాత రబ్బరు బుడ్డి వచ్చింది. దాన్ని పిసికితే గొట్టంలోంచి గాలి వెళ్లి షట్టరును తెరిచేది, వదిలితే మూసుకునేది. నేటి కెమెరాల మీది ‘బి’ అక్షరం ఆ బుడ్డి గుర్తే. బల్బ్ అంటే దీపం కాదు, బుడ్డి! ఆపై షట్టరును దూరం నుంచి నొక్కే తీగ (కేబుల్ రిలీజ్) వచ్చింది. చెయ్యి తగిలితే కెమెరా అదురుతుంది, బొమ్మ చెదురుతుంది. తీగ ఆ బాధ తప్పించింది.

మరి మనిషే లేనిచోట? 1878లో కాలిఫోర్నియాలో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ పన్నెండు కెమెరాలను వరుసగా నిలిపి, దారికి అడ్డంగా దారాలు కట్టాడు. పరిగెత్తే గుర్రమే వాటిని తెంపుతూ తన ఫొటోలు తీయించుకుంది. అమెరికాలో జార్జ్ షిరాస్ అదే ఉపాయంతో రాత్రిపూట అడవి జంతువులను ఫొటోల్లో పట్టాడు. 1906లో నేషనల్ జియోగ్రాఫిక్ ఆయన ఫొటోలు 74 అచ్చేసింది. మన దేశంలో అటవీ అధికారి ఎఫ్.డబ్ల్యూ. చాంపియన్ పులి నడిచే బాటలో తీగ కట్టాడు. 1927లో ఆయన పుస్తకం ‘విత్ ఎ కెమెరా ఇన్ టైగర్‌ల్యాండ్’ వెలువడింది.

1990ల్లో కర్ణాటకలోనే, నాగరహొళె అడవిలో, పులుల పరిశోధకుడు ఉల్లాస్ కారంత్ ఇలాంటి కెమెరాలతో పులులను లెక్కించారు. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు. ఒకే పులికి కుడి పక్క చారలు వేరు, ఎడమ పక్కవి వేరు. అందుకే బాటకు అటూ ఇటూ ఎదురెదురుగా రెండు కెమెరాలు పెడతారు. 2018 దేశవ్యాప్త గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే మూడున్నర కోట్లకు దగ్గరగా ఫొటోలు పడ్డాయి. పులులవి 76,651.

ఇప్పుడు దారం కూడా అక్కర్లేదు. ఒంటి వేడి కదిలితే చాలు, క్లిక్! పావగడ చుట్టూ ఉన్న రాతి గుట్టల్లో చిరుతలున్నాయి, ఎలుగులున్నాయి. మేకలు తోలుకెళ్లినప్పుడు చెట్టుకు కట్టిన చిన్న పెట్టె కనబడితే ముట్టకండి. అక్కడ ఫొటో తీసుకోవాల్సింది మనం కాదు.