గోడ మీద రెండో మనిషి

ఈ వారం ఫొటోల్లో పడే నీడ గురించి, దాన్ని తెచ్చిపెట్టే ఫ్లాష్ గురించి నాలుగు మాటలు.

మా ఇంట్లో ఒక ఫొటో ఉంది. 2003లో మా అబ్బాయి బారసాలకి అమ్మ రాజమండ్రి నుంచి న్యూజెర్సీ వచ్చినప్పుడు తీసింది. మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా పోయింది. వెనక గోడ మీద, పక్కన ఇంకో నల్లటి మనిషి కూర్చున్నట్టు నీడ. కొత్తగా కొన్న చిన్న డిజిటల్ కెమెరాతో, రెండడుగుల దూరం నుంచి తీసింది నేనే. అమ్మకి ఫొటోలంటే సిగ్గు, కెమెరా కనబడితే వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆవిడ మళ్ళీ ఈ దేశం రాలేదు. మనవడితో ఉన్న ఫొటో అదొక్కటే.

ఆ నీడ ఎందుకు పడిందో తెలుసుకుందామని మొదలుపెడితే కథ చాలా వెనక్కి పోయింది. 1860ల్లోనే మెగ్నీషియం తీగ వెలిగించి ఫొటోలు తీసేవారు. 1865లో పియాజీ స్మిత్ ఈజిప్టు పిరమిడ్ లోపల అలాగే తీశాడు. 1887లో జర్మనీలో మీథే, గేడికే అనే ఇద్దరు మెగ్నీషియం పొడిలో పొటాషియం క్లోరేట్ లాంటివి కలిపి, క్షణంలో భగ్గుమనే మందు తయారుచేశారు. మన దీపావళి మందుకి దగ్గర చుట్టమే!

ఆ వార్త పేపర్లో చదివి న్యూయార్కులో ఒకాయన ఎగిరి గంతేశాడు. పేరు జేకబ్ రీస్. డెన్మార్క్ నుంచి 1870లో వలస వచ్చి, పోలీసు వార్తలు రాసే విలేఖరి అయ్యాడు. మన్‌హాటన్ ఇరుకు గదుల్లో పేదలు ఎలా బతుకుతున్నారో ఎంత రాసినా జనం కదలలేదు. అందుకని రాత్రిపూట ఆ గదుల్లోకి వెళ్ళి, వేపుడు మూకుడులో మందు పోసి వెలిగించి ఫొటోలు తీశాడు. రెండుసార్లు ఇళ్ళకి నిప్పంటించాడు, ఒకసారి తనకే అంటించుకున్నాడు. కళ్ళజోడు ఉండబట్టి చూపు దక్కిందని ఆయనే రాసుకున్నాడు. 1890లో వచ్చిన ఆయన పుస్తకం 'హౌ ది అదర్ హాఫ్ లివ్స్' నగరాన్ని కదిలించింది.

బేయర్డ్ స్ట్రీట్‌లో ఒక గదిలో కుక్కినట్టు పడుకున్న కూలీల ఫొటో చూడండి. నిద్రలోంచి ఉలిక్కిపడ్డ మొహాలు. వాళ్ళని అడిగి తీశాడని నాకు అనిపించదు. మంచి పనే చేశాడు, కానీ ఆ కళ్ళు చూస్తే ఇబ్బందిగా ఉంటుంది. 1998లో నేనూ ఒక గెస్ట్‌హౌస్‌లో ఏడుగురితో కలిసి కార్పెట్ మీద పడుకున్నవాణ్ణే. మమ్మల్ని మాత్రం ఎవరూ ఫ్లాష్ కొట్టి లేపలేదు.

తర్వాత 1929లో జర్మనీలో, మరుసటి ఏడు అమెరికాలో ఫ్లాష్ బల్బులు అమ్మకానికొచ్చాయి. ఫొటోకొక బల్బు ఖర్చు. 1931 నుంచి ఎమ్.ఐ.టి.లో ఎడ్జర్టన్ చేసిన పనితో ఎలక్ట్రానిక్ ఫ్లాష్ దారిన పడింది. మంటా పోయింది, పొగా పోయింది. అది చిన్నదై చిన్నదై చివరికి కెమెరాలోనే దూరి, లెన్సు పక్కన అంగుళం దూరంలో కూర్చుంది. మా అమ్మ ఫొటో దగ్గర కొంప ముంచింది అదే.

వెలుగు ఎంత చిన్న చోటునుంచి వస్తే నీడ అంచు అంత కత్తిలా ఉంటుంది. మనిషి గోడకి ఆనుకుంటే ఆ నీడకి దాక్కునే చోటుండదు. గోడకి నాలుగైదు అడుగులు ముందుకి జరిపితే సగం బాధ తగ్గుతుంది. మిగతా సగానికి కెమెరా పైన తగిలించే విడి ఫ్లాష్ కావాలి. కొనేటప్పుడు నేను మొదట చూసేది, దాని తల పైకీ పక్కకీ తిరుగుతుందా అని. తెల్లటి సీలింగ్ మీదకి తిప్పారనుకోండి, సీలింగ్ అంతా ఒక పెద్ద దీపమై నీడ మెత్తబడుతుంది. రంగు సీలింగ్ అయితే ఆ రంగే మొహాల మీదకి దిగుతుంది, జాగ్రత్త.

ఇక బలం. గైడ్ నంబరుని ఎపర్చర్ నంబరుతో భాగిస్తే వెలుగు అందే దూరం వస్తుంది. మీటర్లలో 36 ఉన్న ఫ్లాష్, ఐఎస్ఓ 100 దగ్గర ఎఫ్4తో 9 మీటర్లు అందుతుంది. సీలింగ్‌కి తిప్పితే చాలా వెలుగు దారిలోనే పోతుంది కాబట్టి బలం కాస్త ఎక్కువున్నదే తీసుకోండి. గరాజ్ సేల్లో దొరికే పాత ఫ్లాషులతో ఒక చిక్కుంది. కొన్నిటి ట్రిగ్గర్ వోల్టేజి 200 దాటుతుంది, డిజిటల్ కెమెరా మాడిపోవచ్చు. కనుక్కోకుండా తగిలించకండి.

మొన్న మా అబ్బాయి ఆ ఫొటోని కంప్యూటర్లో పెట్టి గోడ మీది నీడ తుడిచేశాడు. బామ్మ మొహం మాత్రం వెనక్కి రాలేదు. తెల్లగా పోయినచోట కెమెరా ఏమీ రాసుకోలేదట. హాల్లో నీడ ఉన్న ఫొటోనే ఉంచాం.