భువనగిరి బండ దాటి

2014 ఏప్రిల్ 18 పొద్దున ఎవరెస్ట్‌కు నేపాల్ వైపున మంచుచరియ విరిగిపడి 16 మంది చనిపోయారు. అందరూ నేపాలీలే. కొండ ఎక్కేవాళ్ల కోసం సామాన్లు మోసే, దారి సిద్ధం చేసే పనివాళ్లు. ఆ కబురు కొండకు అటువైపు, టిబెట్ నుంచి ఎక్కాల్సిన బృందానికి చేరింది. అందులో మన పిల్లలిద్దరున్నారు. వెనక్కి వచ్చేస్తారా అన్న ప్రశ్న వచ్చింది. రామన్నారు.

మాలావత్ పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల. లంబాడా బిడ్డ, అమ్మానాన్న కూలినాలి చేసుకునేవాళ్లు. ఆనంద్ కుమార్‌ది ఖమ్మం జిల్లా, వాళ్ల నాన్న సైకిళ్లు బాగుచేసేవాడు. అప్పట్లో ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుతుండేవాళ్లు. అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పూనుకోవడంతో, కోచ్ శేఖర్‌బాబు పర్యవేక్షణలో నూటపదిమంది పిల్లలు భువనగిరి బండ ఎక్కడం నేర్చుకున్నారు. ఆ నున్నటి ఏకశిలను మొదటిసారి కింద నుంచి చూసినప్పుడు కాళ్లు వణికాయని పూర్ణే చెప్పింది. తాడు కట్టుకుని, వేళ్లకు పట్టు వెతుక్కుంటూ నాలుగైదు రోజులు ఎక్కితే ఆ వణుకు పోయింది. అక్కణ్ణుంచి ఇరవై మంది డార్జిలింగ్‌కు, తొమ్మిది మంది లడఖ్ చలిలోకి వెళ్లారు. చివరికి ఈ ఇద్దరు మిగిలారు.

పదహారేళ్లు నిండనివాళ్లకు నేపాల్ అనుమతి ఇవ్వదు కాబట్టి టిబెట్ దారి పట్టారు. ఆ వయసు పిల్లను అంత ఎత్తుకు పంపొచ్చా అన్నది న్యాయమైన ప్రశ్నే, నాకూ తేలిగ్గా జవాబు దొరకదు. కానీ అదే ఈడు పిల్లలు పత్తి చేలల్లో పురుగుమందు పీలుస్తుంటే, ఇటుక బట్టీల్లో ఎండకు మాడుతుంటే, మూడుముళ్లు వేయించుకుని చదువు మానేస్తుంటే ఆ ప్రశ్న ఇంత గట్టిగా ఎందుకు వినపడదు? పేదింటి పిల్లకు బతుకుతెరువు చూపిస్తే చాలనుకుంటాం. దానికి మించి ఏదైనా కావాలని అడిగితే గొంతెమ్మ కోరికంటాం.

ఎనిమిది వేల మీటర్లు దాటాక గాలిలో ప్రాణవాయువు సముద్రమట్టంలో ఉండేదాంట్లో మూడోవంతుకు పడిపోతుంది. ఆకలి చచ్చిపోతుంది. ఒక్కో అడుగుకూ ఆగి రొప్పాలి. ముఖానికి ఆక్సిజన్ మాస్క్, వీపున సిలిండర్, నుదుటి దీపం వెలుగులో రెండడుగుల మేర మంచు. ఈశాన్యపు గట్టు మీద నిట్టనిలువు రాతిగోడ ఒకటుంది, 1975లో చైనావాళ్లు నిచ్చెన బిగించిన చోటు. పక్కన జారితే ఆపేది ఏదీ లేదు. చలిలో పాడవని మృతదేహాలు దారిపక్కనే ఉంటాయి. అలాంటివి ఆరు చూశానని, భయపడ్డానని పూర్ణ దాచకుండా చెప్పింది. భయపడుతూనే నడిచింది. ఈ మాట నాకు రికార్డు కంటే పెద్దదిగా తోస్తుంది.

మే 25 ఉదయం ఇద్దరూ 8,848 మీటర్ల శిఖరం చేరారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆడపిల్లల్లో అంత చిన్న వయసులో ఎవరెస్ట్ ఎక్కినవాళ్లు అంతకుముందు లేరు. జాతీయ జెండాతో పాటు అంబేద్కర్ ఫొటో, ఎస్.ఆర్. శంకరన్ ఫొటో అక్కడ ప్రదర్శించారు. వెట్టిచాకిరీ నుంచి మనుషుల్ని విడిపించడానికి, దళిత, గిరిజన పిల్లల చదువుకు ఉద్యోగ జీవితమంతా వెచ్చించిన ఐఏఎస్ అధికారి శంకరన్.

దిగేటప్పుడే ఒళ్లు అలిసి, కాలు తడబడి చాలామంది పోతారు. ఇద్దరూ క్షేమంగా దిగారు.

పెద్దలు పంపితే వెళ్లిన పిల్ల అని అప్పట్లో అన్నవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఆ తర్వాత పూర్ణ ఆఫ్రికాలో కిలిమంజారో, యూరప్‌లో ఎల్‌బ్రస్, దక్షిణ అమెరికాలో అకాంకాగువా, అంటార్కిటికాలో విన్సన్ ఎక్కింది. 2022 జూన్‌లో అలాస్కాలోని డెనాలితో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ పూర్తిచేసింది. ఆ దారి తనకు తానుగా కోరుకున్నది.