తీగ ఎవరిది?

పట్టాల వెంట పుట్టిన ఖరగ్‌పూర్‌లో చిన్న, పెద్ద నెట్‌వర్కుల కథ

వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న ఈస్ట్ కోస్ట్ రైలు మార్గం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్ఆర్) చేతికొచ్చింది. ఖరగ్‌పూర్‌లో ఆ కంపెనీ వర్క్‌షాపు రూపుదిద్దుకుంటున్న కాలమది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పల్లెల నుంచి జనం బీఎన్ఆర్ కొలువు వెతుక్కుంటూ ఇక్కడికి చేరారు. ఊళ్లోని గోల్‌బజార్ వీధుల్లో నేటికీ తెలుగు వినిపిస్తుందంటే ఆ వలసే కారణం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. దానికి ముఖ్య కారణం కూడా ఈ ఊరి తెలుగువారే.

మనుషుల్ని ఇంత దూరం తెచ్చిన రైలుకు వార్తల్ని అంతకన్నా వేగంగా పంపే ఏర్పాటు ఉండాలి. కంప్యూటర్ నెట్‌వర్కుల్ని దూరాన్ని బట్టి పాన్ (మనిషి చుట్టూ), లాన్ (గది, భవనం లోపల), మాన్ (నగరమంతా), వాన్ (ఊళ్ల మధ్య) అని విడదీసే పాఠం ఈ ఊరి చరిత్రలో బాగా అర్థమవుతుంది.

లైన్ క్లియర్ రోజులు

కంప్యూటరు పేరు ఎవరూ ఎరగని రోజుల్లోనే రైల్వేకి మూడంచెల తీగలుండేవి. పక్కపక్క స్టేషన్ల మధ్య బ్లాక్ పరికరం. అవతలి స్టేషన్ మాస్టరు దారి ఖాళీ అని లైన్ క్లియర్ ఇస్తేనే బండి కదిలేది. దానిపైన కంట్రోల్ ఫోను. ఒకే తీగ మీద సెక్షన్ స్టేషన్లన్నీ వేలాడేవి, కంట్రోలర్ ఎవరినైనా పిలవగలిగేవాడు. ఆపైన కలకత్తాలోని గార్డెన్ రీచ్ ప్రధాన కార్యాలయానికి టెలిగ్రాఫ్.

ఇందులో ఒక మెలిక ఉంది. పట్టాల పక్క నేల రైల్వేది. ఆ నేల మీది టెలిగ్రాఫ్ స్తంభాలు, తీగలు మాత్రం చాలాచోట్ల తంతి తపాలా శాఖవి. వాడుకున్నందుకు రైల్వే అద్దె కట్టేది.

ఐదు దీవులు

రిజర్వేషన్‌కు కంప్యూటరు 1985లో ఢిల్లీకి వచ్చింది. తర్వాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్ కేంద్రాలు మొదలయ్యాయి. అయితే ఏ కేంద్రం లెక్క దానిదే. ఇక్కడ కొన్న టికెట్టుకు తిరుగు ప్రయాణం బెర్తు కావాలంటే అవతలి ఊరికి తంతి కొట్టి, జవాబు కోసం కాచుకోవాల్సిందే.

ఈ దీవుల్ని కలిపే కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ను రైల్వే సంస్థ క్రిస్ తయారుచేసింది. 1994లో అది మొదట నడిచింది సికింద్రాబాద్‌లో. 1999 ఏప్రిల్‌కు ఐదు కేంద్రాలూ ఒకే అల్లికలోకి వచ్చాయి. పండక్కి విశాఖ వెళ్లే ఖరగ్‌పూర్ కుటుంబం రానూపోనూ బెర్తులు ఒకే కౌంటర్లో ఖాయం చేసుకోగలగడం దీని చలవే. కౌంటర్లున్న గదిలోని అల్లిక లాన్, ఐదు నగరాల్ని కలిపింది వాన్.

హిజ్లీ ప్రాంగణం

గోల్‌బజార్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో హిజ్లీ ఉంది. ఆంగ్లేయులు స్వాతంత్ర్య యోధుల్ని నిర్బంధించిన శిబిరంలోనే 1951లో దేశపు తొలి ఐఐటీ మొదలైంది. 1986లో ఎర్నెట్ అనే విద్యా పరిశోధన నెట్‌వర్క్ ఆరంభమైనప్పుడు అందులో చేరిన ఐదు ఐఐటీల్లో ఖరగ్‌పూర్ ఒకటి. సామాన్యులకు ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న. ఈ ప్రాంగణం ఆ బాట పట్టింది అంతకు చాలా ముందే.

లాన్‌కు ఎక్కువగా వాడే ఈథర్‌నెట్ 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనశాలలో పుట్టింది. ఇప్పటి రాగి తీగ ఈథర్‌నెట్ ఒక్కో ముక్కకు 100 మీటర్లే. భవనాల్ని కలపాలంటే మధ్యలో స్విచ్చులు, గాజు తీగలు (ఆప్టికల్ ఫైబర్) కావాలి. అలా కలిసిన విద్యాలయ ఆవరణ క్యాంపస్ నెట్‌వర్క్. ప్రహరీ లోపల కందకం తవ్వడానికి ఎవరినీ అడగక్కర్లేదు. గేటు దాటితే రోడ్డు మునిసిపాలిటీదో రైల్వేదో అవుతుంది. నగరమంతా పరుచుకునే మాన్‌ను ఎక్కువగా టెలికాం, కేబుల్ సంస్థలే నడపడానికి కారణం ఇదే.

పట్టాల పక్క గాజు తీగ

2000లో రైల్వే టెలికాం సంస్థ రైల్‌టెల్ ఏర్పడింది. పట్టాల వెంట రైల్వే నేలలోనే ఆప్టికల్ ఫైబర్ పరిచింది. నేడది 60,000 కిలోమీటర్లకు పైనే. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పరుగెత్తుతుంది, అంటే వెయ్యి కిలోమీటర్లకు సెకనులో రెండొందలో వంతు. ఒకప్పుడు తీగకు అద్దె కట్టిన రైల్వేకి నేడు సొంత వాన్ ఉంది. మిగిలిన సామర్థ్యాన్ని రైల్‌టెల్ ఇతరులకు అద్దెకిస్తోంది కూడా.

కాబట్టి నెట్‌వర్కు రకాన్ని తేల్చేటప్పుడు కిలోమీటర్లతో పాటు నేల హక్కునూ లెక్కవేయాలి. గోల్‌బజార్ దుకాణదారు చెవిలోని బ్లూటూత్ పాన్, గల్లా దగ్గరి వైఫై లాన్. రెండూ అతనివే, చెడితే అతనే చూసుకోవాలి. ఫోనులో డబ్బు జమ అయ్యే దారి మాత్రం బ్యాంకు దాకా పరాయి తీగల మీదే. అందుకే వైఫైకి పెట్టె కొంటే సరిపోతుంది, బయటి దారికి నెలనెలా బిల్లు కట్టాలి.