పాలు చాలకనా, పట్టు కుదరకనా?

"తల్లికి పాలు చాలవు" అని ఇంటివారు తీర్పు చెప్పిన మరునాడే పాలసీసా వస్తుంది. ఈ తీర్పు ఎంతవరకు నిజమో విచారించిన చరిత్రలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు కూడ భాగమున్నది. ఆ సంస్థ 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదు చేరినది. ఇప్పటి పేరు 1969లో వచ్చినది. కూనూరులో ఉండగా డాక్టర్ సి. గోపాలన్ పేద తల్లుల చనుబాలను పరీక్షించినారు. ఫలితాలు 1958లో వెలువడినవి. కడుపునిండ తిండి లేనివారు సైతం నెలల తరబడి బిడ్డకు పాలివ్వగలుగుతున్నారని తేలినది. తల్లికి మంచి తిండి అక్కరలేదని దీని అర్థం కాదు; ఆ పాలలోని సారం ఆమె ఒంటినుండే పోతుంది.

మరి పాలు ఎందుకు తగ్గుతవి? గేదెను పితికేవారికి ఇది తెలిసిన సంగతే: పొదుగులో పాలు మిగిల్చితే క్రమంగా పాడి తగ్గుతుంది. తల్లి విషయమూ అంతే. బిడ్డ చనుమొనను మాత్రమే చప్పరిస్తే పాలు సరిగా రావు, మొన పగులుతుంది. నొప్పికి ఓర్వలేక తల్లి పాలిచ్చే సార్లు తగ్గిస్తుంది. రొమ్ములో పాలు నిలిచి, ఊట తగ్గుతుంది. మొదట అబద్ధమైన తీర్పు ఈ విధంగా నిజమవుతుంది!

నోరు బాగా తెరచి, మొనతోపాటు దాని చుట్టూ ఉన్న నల్లని వలయంలో చాలాభాగం అందుకోవలెను. గడ్డం రొమ్మును తాకవలెను, క్రింది పెదవి వెలుపలికి మడిచి ఉండవలెను. బిడ్డను రొమ్ముకు తేవలెను గాని తల్లి వంగరాదు.

స్వీడనులో రిఘార్డ్, అలాడే అనే పరిశోధకులు 82 మంది తల్లీబిడ్డలను పరిశీలించి 1992లో ఫలితాలు ప్రకటించినారు. పట్టు తప్పుగా ఉన్న కొందరికి ఇల్లు చేరకముందే సరిదిద్దినారు, కొందరిని అట్లే వదలినారు. దిద్దినవారు మొదటినుండి సరిగా త్రాగినవారివలెనే కొనసాగినారు. వదలినవారికి ఇబ్బందులు ఎక్కువైనవి. తరువాతి పరిశోధనలన్నీ ఇంత స్పష్టంగా చెప్పలేదు. ఒక్కసారి చూపి పంపివేస్తే చాలదు కాబోలు.

ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో నిర్ణయించినది. మన ఇండ్లలో ఆవు జున్నుకు ఎగబడి, తల్లి ముర్రుపాలు పిండి పారబోసే విచిత్రమైన ఆచారముండేది. జనగామ జిల్లా రఘునాథపల్లి వంటి పల్లెలనుండి కూడ తల్లులు కాన్పుకు ఆసుపత్రికే పోతున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. కాని మొదటి గంటలో తల్లిపాలు అందిన బిడ్డలు నూటికి 37 మందే.